తమ్ముడి గొంతు

“ఉన్నా...ఆ!” అంది చిలక, తమ్ముడి గొంతుతో.

స్టీరింగ్ ముందు కూర్చున్న అమ్మ సరేనన్నట్టు తల ఊపి గేరు వేసింది. వ్యాన్ కదిలింది.

చిలక నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుని నవ్వుకుంది. వెనక సీట్లో తమ్ముడు దుప్పటి ముసుగేసుకుని హాయిగా నిద్రపోతున్నాడు. అమ్మకి ఆ సంగతి తెలియదు. వాడే పలికాడనుకుంది.

చిలక అంటే నిజం చిలక కాదు, పదేళ్ల అమ్మాయి. ఎవరి గొంతయినా ఒక్కసారి వింటే చాలు, అచ్చం అలాగే దించేస్తుంది. డ్రిల్లు మాస్టారి కేక, పక్కింటావిడ దగ్గు, ఆఖరికి కుక్కర్ ఈల కూడా. స్కూల్లో ఎవరో చిలకా అని పిలిచారు. ఆ పేరు ఇంటిదాకా వచ్చి అక్కడే ఉండిపోయింది.

వాళ్లమ్మ స్కూల్ వ్యాన్ నడుపుతుంది. ఆ వ్యాన్‌కి ఒక పద్ధతి ఉంది. ఎక్కడ ఆగినా, మళ్లీ కదిలే ముందు అమ్మ ఒక్కొక్కరినీ పిలుస్తుంది. పిలిచినవాళ్లు “ఉన్నా” అనాలి. అందరూ అన్నాకే గేరు పడుతుంది. ఒక్కరు పలక్కపోయినా వ్యాన్ అంగుళం కదలదు.

“అద్దంలో చూసుకుంటే సరిపోదా అమ్మా?” అని చిలక ఒకసారి అడిగింది.

“కళ్లు మోసపోతాయే. సీటు మీద బ్యాగు పెడితే అది కూడా పిల్లాడిలాగే కనిపిస్తుంది. బ్యాగు పలకదు కదా!” అంది అమ్మ.

ఇప్పుడు వేసవి సెలవులు. వ్యాన్‌లో స్కూలు పిల్లలెవరూ లేరు. నాన్న వెల్డరు. ఎక్కడో దూరాన, ఒక పెద్ద నది మీద కొత్తగా కడుతున్న వంతెన దగ్గర పనిచేస్తున్నాడు. ఆయనకి సెలవు దొరక్క నెలల తరబడి ఇంటికి రాలేదు. “ఆయన రాకపోతే మనమే వెళ్దాం” అంది అమ్మ. అంతే, తెల్లవారేసరికి బయలుదేరారు.

ముందు సీట్లో అమ్మ పక్కన అమ్మమ్మ కూర్చుంది. మధ్య వరుసలో కిటికీ పక్కన చిలక. మిగతా వరుసంతా నాన్న కోసం తీసుకెళ్తున్న పరుపు చుట్ట, టేబుల్ ఫ్యాను, బట్టల సంచులు. అవి ఇంచుమించు వ్యాన్ కప్పుదాకా ఉన్నాయి. వాటి వెనక, చివరి సీటు మొత్తం తమ్ముడిదే. మధ్యలో సామాను అడ్డం కాబట్టి అద్దంలో వాడు అమ్మకి కనిపించడు.

తమ్ముడికి ఐదేళ్లు. చిలక వాణ్ణి నత్త అంటుంది. అమ్మ “చిన్నా?” అని పిలిస్తే వాడు వెంటనే పలకడు. నోట్లో ఉన్నది నమిలి మింగాలి. చెప్పు సరిచేసుకోవాలి. తన ఎర్ర బకెట్‌లోకి ఒకసారి తొంగి చూసుకోవాలి. అప్పుడు తీరిగ్గా, సాగదీసి “ఉన్నా...ఆ” అంటాడు.

ఆ బకెట్ ఇసుకలో ఆడుకునే బుల్లి ప్లాస్టిక్ బకెట్. పొద్దున్నించీ వ్యాన్ కుదిపినప్పుడల్లా గలగలమంటోంది.

“అందులో ఏముందిరా నత్తా?”

“చెప్పను. అది నాన్నకీ నాకూ సీక్రెట్టు.”

“అబ్బో! నాకు చెప్పని సీక్రెట్టా? పోరా, నాకేం వద్దు.”

ఆ కోపంతోనే మొదటిసారి వాడి గొంతు పెట్టి పలికింది. ఎవరూ కనిపెట్టలేదు. తర్వాత ఆగినచోట కూడా అలాగే చేసింది. ఇప్పుడది మూడోసారి.

మధ్యాహ్నానికి ఎండ నిప్పులు చెరుగుతోంది. రోడ్డు మీద దూరంగా నీళ్లున్నట్టు మెరుస్తోంది, దగ్గరికెళ్తే ఏమీ లేదు. అమ్మ ఒక పెట్రోల్ బంక్‌లో వ్యాన్ ఆపింది. అక్కడ లారీలు బారులు తీరి ఉన్నాయి. ఒక్కొక్క చక్రం చిలకంత ఎత్తుంది. లారీ వెనక్కి వచ్చినప్పుడల్లా బీప్ బీప్ మంటూ మోత.

“ఎవరూ చెయ్యి వదలొద్దు. అంత ఎత్తునుంచి చూసే డ్రైవర్ల కళ్లకి మీరసలు ఆనరు” అంది అమ్మ.

అమ్మమ్మ తమ్ముణ్ణి బాత్‌రూమ్‌కి తీసుకెళ్లింది. తిరిగొచ్చి వాణ్ణి పక్క తలుపులోంచి వ్యాన్ ఎక్కించింది. మోకాళ్లు పట్టుకుని, మెల్లగా చుట్టూ తిరిగి తన ముందు సీటు దగ్గరికి వెళ్లింది. చిలక మంచినీళ్ల సీసా నింపుకుని వచ్చింది. చివరి సీటు వైపు చూసింది. దుప్పటి ముసుగు ఎత్తుగా ఉంది. మళ్లీ పడుకున్నాడన్నమాట! పక్క తలుపు దబ్బున లాగి మూసింది.

“అమ్మా?” అని పిలిచింది అమ్మ.

“ఉన్నానే. నీ వ్యాన్ దిగి ఈ మోకాళ్లతో ఎక్కడికి పారిపోతాను?” అంది అమ్మమ్మ.

“చిలకా?”

“ఉన్నా.”

“చిన్నా?”

వ్యాన్ లోపల పొయ్యి మీద పెనంలా కాలిపోతోంది. కదిలితే కాస్త గాలైనా వస్తుంది.

“ఉన్నా...ఆ” అంది చిలక.

వ్యాన్ కదిలింది. కిటికీలోంచి గాలి మొహానికి కొట్టింది. చిలక కళ్లు మూసుకుంది.

ఏదో తక్కువైనట్టు అనిపించింది.

కళ్లు తెరిచింది. ఇంజిన్ మోత ఉంది. గాలి మోత ఉంది. అమ్మమ్మ కునికిపాట్లు పడుతూ పెడుతున్న సన్నని గురక కూడా ఉంది. రోడ్డు మీద గతుకు వచ్చింది. వ్యాన్ ఎగిరిపడింది.

బకెట్ గలగలమనలేదు.

చిలక లేచి, పరుపు చుట్ట పక్క సందులోంచి వెనక్కి వంగి దుప్పటి లాగింది. కింద దిండు. అంతే. దిండు పక్కన వాడు సగం తిని వదిలేసిన బిస్కెట్టు.

ఆమె సీటు కింద చూసింది. సంచుల వెనక చూసింది. “ఒరేయ్, దాక్కున్నావా? రారా బయటికి” అని గుసగుసగా పిలిచింది. ఎవరూ నవ్వలేదు. వాడు దాక్కుంటే నవ్వు ఆపుకోలేడు.

 చిలక అరచేతులు చల్లబడిపోయాయి, అంత ఎండలోనూ.

చెప్పాలి. అమ్మకి చెప్పాలి. కానీ చెబితే, మరి ఎవరు పలికారని అడుగుతుంది. కిటికీ బయట చెట్లు వెనక్కి పరిగెత్తుతున్నాయి. అన్నీ తమ్ముడున్న వైపే వెళ్తున్నాయి. తనొక్కతే వాడికి దూరంగా వెళ్తోంది. ఇంకో చెట్టు పోయింది. ఇంకోటి పోయింది.

“అమ్మా” అనబోయింది. ఊళ్లో అందరి గొంతులూ వచ్చిన చిలకకి తన గొంతు రాలేదు.

లారీ చక్రాలు కళ్లముందు తిరిగాయి. ఆ చక్రాల పక్కన బుల్లి ఎర్ర బకెట్ కనిపించింది.

“అమ్మా! ఆపు!”

“ఏమైందే? కడుపులో తిప్పుతోందా?”

“తమ్ముడు లేడు!”

“ఈ ఎండలో నీ జోకులొకటి. ఇందాకేగా ఉన్నా అన్నాడు.”

“అది... అది నేను.”

 వ్యాన్ రోడ్డు పక్కకి తిరిగి, గులకరాళ్ల మీద కీచుమంటూ ఆగింది. వెనకాల వస్తున్న బస్సు పెద్దగా హారన్ కొట్టుకుంటూ పక్కనుంచి దూసుకుపోయింది. అమ్మ దిగింది. వెనక తలుపు తీసింది. దిండుని చేత్తో పట్టుకుని చూసింది, దాని కింద ఇంకా ఎవరైనా ఉంటారేమో అన్నట్టు.

అమ్మమ్మకి మెలకువ వచ్చింది. సంగతి విని గుండెలు బాదుకుంది. “నేనే ఎక్కించానే! ఈ చేతుల్తోనే ఎక్కించానే! ఎలా దిగాడే తల్లీ?”

అమ్మ మళ్లీ స్టీరింగ్ ముందు కూర్చుంది. వెనక్కి తిప్పుదామంటే రోడ్డు మధ్యలో పొడవాటి సిమెంటు గోడ. ఎక్కడా సందు లేదు. ముందుకు వెళ్లి, సందు ఎక్కడ ఉంటే అక్కడే తిప్పుకోవాలి. అంటే తమ్ముడి దగ్గరికి వెళ్లాలంటే, ముందు వాడికి ఇంకా దూరం వెళ్లాలి.

అమ్మ చిలకని కొట్టలేదు. తిట్టలేదు. గేరు వేసి వ్యాన్‌ని ముందుకు పోనిచ్చింది.

“ఇన్నేళ్లలో ఒక్క పిల్లాణ్ణి కూడా వదిలేసి కదల్లేదు నేను” అంది మెల్లగా. ఎవరితో అన్నదో తెలియదు.

దెబ్బ తగిలినా బాగుండేదనిపించింది చిలకకి.

అప్పుడే అమ్మమ్మ చేతిలో ఫోన్ మోగింది. తెర మీద నాన్న ఫొటో.

అమ్మమ్మ భయంగా చూసింది. ఎత్తకపోతే ఇంకా కంగారు పడతాడని ఎత్తి, స్పీకర్ పెట్టింది.

“అత్తయ్యా! ఎక్కడిదాకా వచ్చారు? ఏం చేస్తున్నాడు మా బుడ్డోడు? ఒకసారి ఇవ్వండి వాడికి.” వెనకాల సుత్తి దెబ్బలు వినిపిస్తున్నాయి. నాన్న గొంతులో బోలెడు సంతోషం.

అమ్మమ్మ ఫోన్‌ని చీరకొంగుతో గట్టిగా మూసి వెనక్కి తిరిగింది.  “చిలకా, వాడి గొంతుతో రెండు ముక్కలు మాట్లాడేయవే. పాపం, అంత ఎత్తున నిలబడి పనిచేసే మనిషి. ఇది వింటే కాలు జారుతుందే. వాడు దొరికాక నిజం చెబుదాం” అని గుసగుసలాడింది.

 అద్దంలో అమ్మ కళ్లు చిలకని చూశాయి.

“హలో? వినిపిస్తోందా?” అన్నాడు నాన్న.

తమ్ముడి గొంతు చిలక నాలుక మీదే ఉంది. నోరు తెరిస్తే చాలు, దానంతటదే వచ్చేస్తుంది. చిలక ఫోన్ తీసుకుంది.

“నాన్నా, నేను చిలకని. నువ్వు ముందు కింద కూర్చో.”

“ఏంటే? ఏమైంది?”

“కూర్చున్నావా?”

“కూర్చున్నా. చెప్పు తల్లీ.”

“తమ్ముడు పెట్రోల్ బంక్‌లో ఉండిపోయాడు. మేం చూసుకోకుండా వచ్చేశాం. నేను... వాడి గొంతుతో ఉన్నా అన్నాను.” అక్కడితో ఏడుపు తన్నుకొచ్చింది.

సుత్తి దెబ్బలు ఆగిపోయాయి.  

“ఏడవకు. నా మాట విను. ఆ బంక్ దగ్గర కంకర కుప్పలుగానీ, రాళ్ల గుట్టలుగానీ ఉన్నాయా?”

“ఏమో నాన్నా, చూడలేదు.”

“వెనకాల ఏదో కడుతున్నారు. టిప్పర్లు తిరుగుతున్నాయి” అంది అమ్మ, రోడ్డు మీంచి కళ్లు తిప్పకుండా.

“అయితే అక్కడే ఉంటాడు. ఆగిన ప్రతిచోటా ఒక గుండ్రటి రాయి ఏరుకురా అని నేనే చెప్పాను వాడికి. వంతెన మీంచి ఇద్దరం నదిలో వేద్దామన్నాను. అక్కకి చెప్పకు, సీక్రెట్టు అన్నాను. రాయి ఏరుకోవడానికే దిగుంటాడు. తిన్నగా అక్కడికే వెళ్లండి.”

సిమెంటు గోడకి సందు వచ్చింది. అమ్మ వ్యాన్ తిప్పింది. అవే చెట్లు మళ్లీ ఎదురొచ్చాయి. త్వరగా, త్వరగా అని చిలక ఒక్కొక్క చెట్టునీ లోపల్లోపల తోసేస్తోంది.

బంక్‌లో పెట్రోల్ కొట్టే మనిషి తల అడ్డంగా ఊపాడు. “పిల్లాడా? చూడలేదమ్మా. మీరు వెళ్లిపోయారు కదా, అందరూ బండిలోనే ఉన్నారనుకున్నా.”

వాళ్లు బంక్ వెనక్కి పరిగెత్తారు. అమ్మమ్మ కూడా మోకాళ్ల సంగతి మరచిపోయి పరిగెత్తింది.

అక్కడ సగం కట్టిన గోడలున్నాయి. కొండంత కంకర కుప్పలున్నాయి. వాటి ముందు ఒక టిప్పర్ లారీ ఇంజిన్ ఆన్‌లో పెట్టుకుని నిలబడి గుర్రుమంటోంది. దుమ్ములో ఏమీ కనిపించడం లేదు.

“చిన్నా! కన్నా!” అమ్మ అరుస్తోంది. ఆ మోతలో ఆమె కేక ఆమెకే వినపడటం లేదు.

లారీ డ్రైవర్ గేరు మీద చెయ్యి వేశాడు. బీప్... బీప్...

అమ్మ ఒక్క ఉదుటున వెళ్లి లారీ తలుపుని రెండు చేతులతో బాదింది. “కదపొద్దు! ఇంజిన్ ఆపు! ఆపమంటున్నానా!”

“ఏంటమ్మా, ఏమైంది?” డ్రైవర్ తల బయటికి పెట్టాడు.

“మా బాబు కనిపించట్లేదు. వాడు దొరికేదాకా ఇక్కడ ఏ బండీ కదలకూడదు.”

ఇంజిన్ ఆగింది. ఒక్కసారిగా అంతా నిశ్శబ్దం. ఎక్కడా అలికిడి లేదు. దుమ్ము మెల్లగా కిందికి దిగుతోంది.

అమ్మ మళ్లీ అరవబోయి ఆగింది. రొప్పుతూ నిలబడింది. ఊపిరి గట్టిగా పీల్చుకుంది. తర్వాత, వ్యాన్‌లో రోజూ పిలిచే గొంతుతో, అంతే నెమ్మదిగా పిలిచింది.

“అమ్మా?”

అమ్మమ్మ తెల్లబోయి చూసింది. తర్వాత అర్థమైంది. “ఉన్నానే తల్లీ” అంది ఏడుస్తూ.

“చిలకా?”

“ఉన్నా.”

“చిన్నా?”

జవాబు లేదు.

చిలక చేతులు బిగించుకుంది. ఈ ఖాళీని పొద్దున్నించీ తనే నింపేస్తూ వచ్చింది. ఇప్పుడు నింపడానికి ఏమీ లేదు. వినడమే. ఊపిరి కూడా తీసుకోకుండా వింది.

గాలికి ఎక్కడో రేకు కొట్టుకుంది.

“ఉన్నా...ఆ.”

సన్నగా, వెక్కుతూ వచ్చింది ఆ మాట. టిప్పర్ కిందినుంచి వచ్చింది.

వెనక చక్రాల మధ్య, నీడలో, బకెట్‌ని ఒళ్లో పెట్టుకుని తమ్ముడు కూర్చుని ఉన్నాడు. మొహమంతా దుమ్ము, ఆ దుమ్ములో కన్నీళ్ల చారలు. అమ్మ పొట్ట మీద పాక్కుంటూ వెళ్లి వాణ్ణి బయటికి లాగింది. గుండెలకి హత్తుకుని అలాగే కంకర మీద కూలబడిపోయింది.

లారీ డ్రైవర్ కిందికి దిగాడు. పిల్లాడు కూర్చున్న చోటునీ, చక్రాలనీ చూశాడు. మెడలో తువ్వాలు తీసి మొహం తుడుచుకున్నాడు. తుడుచుకుంటూనే ఉన్నాడు. “వెనక్కి తీయబోయానమ్మా. కింద చూడలేదు” అన్నాడు. అతనూ అక్కడే కూర్చుండిపోయాడు.

తమ్ముడు వెక్కిళ్ల మధ్య అమ్మ మొహంలోకి చూశాడు.

“రాయి తీసుకుని వచ్చేసరికి వ్యాన్ లేదు. తప్పిపోతే అక్కడే ఉండమన్నావుగా, అందుకే ఉన్నా. ఎండగా ఉందని నీడలోకి వెళ్లా. ఇంతలో అది పెద్దగా అరిచింది. భయమేసి కదల్లేదు.” వాడికి ఇంకేదో గుర్తొచ్చింది. “అమ్మా, నేను పలకలేదు కదా. మరి వ్యాన్ ఎలా కదిలింది?”

 అమ్మమ్మ చీరకొంగు నోటికి అడ్డం పెట్టుకుంది.

చిలక వాడి ముందు మోకాళ్ల మీద కూర్చుంది.

“నేను పలికానురా. నీ గొంతుతో.”

తమ్ముడు ఆమె వైపు తిరిగాడు. “నేను ఇక్కడ ఉంటే, అక్కడ ఉన్నా అని ఎందుకన్నావు?” అన్నాడు.

 చిలక తన గౌను అంచుతో వాడి మొహం మీది దుమ్ము తుడిచింది. వాడు తల పక్కకి తిప్పుకున్నాడు. అయినా తుడిచింది.

అమ్మ ఫోన్ తీసి నాన్నకి “దొరికాడు” అంది.  అవతలినుంచి ముక్కు ఎగబీల్చిన చప్పుడు వచ్చింది.

మళ్లీ బయలుదేరేముందు అమ్మ పరుపు చుట్టనీ సంచులనీ చివరి సీట్లోకి నెట్టేసింది. తమ్ముడు ఇప్పుడు మధ్య వరుసలో, చిలక పక్కన కూర్చున్నాడు. చాలాసేపు బకెట్‌ని ఆమెకి దూరంగా, తన అవతలి పక్కన పెట్టుకున్నాడు. ఎండ తగ్గింది. రోడ్డు పక్క పొలాలు పోయి ఇసుక నేలలు వచ్చాయి. సాయంత్రం టీ కోసం ఆగినప్పుడు మాత్రం వాడు దిగి రాయి ఏరుకోవడానికి చిలక చెయ్యి పట్టుకోనిచ్చాడు.

అందరూ ఎక్కారు. ఇక వంతెన దగ్గరే ఆగడం. దూరంగా వెల్డింగ్ మెరుపులు కూడా కనిపిస్తున్నాయి.

“అమ్మా?”

“ఉన్నానే.”

“చిలకా?”

“ఉన్నా.”

“చిన్నా?”

తమ్ముడి కళ్లు మూసుకుపోతున్నాయి. తల చిలక భుజం మీదికి వాలింది. “అక్కా, నాకు నిద్రొస్తోంది. నువ్వే చెప్పెయ్” అని గొణిగాడు.

“ఉహు. నీది నువ్వే చెప్పాలి.”

“నీకు వచ్చుగా నా గొంతు.”

“నాకిప్పుడు రాదు. లే, లేచి చెప్పు.”

వాడు విసుక్కున్నాడు. నిటారుగా కూర్చున్నాడు. చెప్పు సరిచేసుకున్నాడు. బకెట్‌లోకి తొంగి చూసుకున్నాడు. కొత్త రాయిని పైకి తీసి, తిప్పి తిప్పి చూసి, మళ్లీ లోపల పెట్టాడు.

అమ్మ చెయ్యి గేరు మీద ఆగి ఉంది. అమ్మమ్మ వెనక్కి తిరిగి చూస్తోంది. వంతెన మీద నాన్న ఎదురుచూస్తున్నాడు. చిలక పెదాలు గట్టిగా మూసుకుని కూర్చుంది.

“ఉన్నా...ఆ” అన్నాడు తమ్ముడు.

అప్పుడు గేరు పడింది. వ్యాన్ కదిలింది. బకెట్‌లో రాళ్లు గలగలమన్నాయి.